ఉప్పుగాలి ఊళ్లో పాత కారు: విశాఖలో సెకండ్‌హ్యాండ్ బండి సర్వీసింగ్, ఖర్చుల లెక్క

పదేళ్లు దాటిన కారును కొనేటప్పుడు చాలామంది భయపడేది ఇంజన్ గురించే. ఓడోమీటర్ చూస్తారు, సైలెన్సర్ దగ్గర పొగ చూస్తారు, యాక్సిలరేటర్ తొక్కి శబ్దం వింటారు. నిజానికి ఆయిల్, కూలెంట్ వేళకు మారుస్తూ ఉంటే చిన్న పెట్రోల్ ఇంజన్ రెండు లక్షల కిలోమీటర్ల దాకా పెద్ద పేచీ పెట్టదు. విశాఖలో పాత బండిని మూలకు చేర్చేవి వేరే రెండున్నాయి. ఒకటి కిందినుంచి తినేసే తుప్పు. రెండోది, రెండొందల రూపాయల భాగాన్ని మార్చకుండా వదిలేసినందుకు వచ్చే ఇరవైవేల రిపేరు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకూడదు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న వరస తెలిస్తే ఖర్చు సగం అదుపులో ఉన్నట్టే.

ఇక్కడ చెప్పే ధరలు స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఐ10 తరహా చిన్న పెట్రోల్ కార్లకు బయటి షెడ్డులో అయ్యే అంచనాలు. భాగం బ్రాండును బట్టి అటూఇటూ అవుతాయి. డీజిల్ బండికి, సెడాన్‌కు ఇంకాస్త పెంచుకుని చూసుకోండి.

మొదటి పని: బండిని పైకెత్తి కింద చూడటం

కొన్న వారంలోనే, ఆయిల్ మార్చడానికన్నా ముందే, కారును లిఫ్ట్ మీదకు ఎక్కించి కింద టార్చిలైటు వేసి చూడండి. వాటర్ వాష్ చేసే చోటే లిఫ్ట్ ఉంటుంది కాబట్టి దీనికి ప్రత్యేకంగా ఖర్చు పెట్టక్కర్లేదు.

గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తనే నీటిని పీల్చుకుని తడిగా మారుతుంది. విశాఖలో ఆ స్థాయి తేమ ఏడాదిలో చాలా రోజులు ఉంటుంది. కాబట్టి వాన పడకపోయినా, బండి కదలకపోయినా, ఇనుము మీద పేరుకున్న ఉప్పు దాన్ని తింటూనే ఉంటుంది. లాసన్స్‌బే కాలనీ, పెదవాల్తేరు, రుషికొండ, భీమిలి రోడ్డు ప్రాంతాల్లో ఆరుబయట పార్క్ చేసే కారుకు ఈ బాధ ఎక్కువ. పోర్టు, స్టీల్ ప్లాంట్ వైపు బండ్లకు ఉప్పుతోపాటు దుమ్ము కూడా తోడవుతుంది. ఆ దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది.

చూడాల్సిన చోట్లు ఇవి:

డోర్ల కింద పొడవుగా ఉండే బాక్సు లాంటి రేకును షెడ్డులో రన్నింగ్ బోర్డు అంటారు. దాని అడుగున స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి రేకైతే టంగుమంటుంది. లోపల పొరలు విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది, పొలుసులు రాలతాయి.

బోనెట్ తీసి, ముందు షాకబ్జర్లు పైన బిగించి ఉండే గుండ్రటి చోట్లు చూడండి. అక్కడ రేకు అతుకుల వెంట ఎర్రగా ఉబ్బి ఉంటే ఆ బండి మీద డబ్బు పెట్టేముందు బాగా ఆలోచించాలి. సస్పెన్షన్ బరువంతా మోసేది ఆ చోటే.

డిక్కీలో మ్యాట్ ఎత్తి, స్టెప్నీ బయటకు తీసి, ఆ గుంట అడుగు చూడండి. బురద గీత కనిపిస్తే బండి ఎప్పుడో నీళ్లలో మునిగిందని అర్థం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. బయట ఎంత శుభ్రం చేసినా, లోపల చుట్టుకుని ఉండే భాగం మీద మట్టి మరక పోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన ఊరిది. అంతకుముందు మోడల్ బండి అయితే టింకరింగ్ ఎంత జరిగిందో కూడా వెతకాలి. పలుచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని డోర్ల అడుగున, వీల్ ఆర్చిల చుట్టూ ఆనించండి. లప్పం పెట్టి పెయింట్ కొట్టిన చోట అది పట్టదు.

బ్రేక్ ఆయిల్ ప్రవహించే సన్నటి ఇనుప పైపులు, పెట్రోల్ ట్యాంకును పట్టి ఉంచే పట్టీలు, సైలెన్సర్ అతుకులు కూడా ఇదే విడతలో చూసేయండి. సైలెన్సర్ చిల్లుపడితే వెల్డింగ్‌తో నడిపించవచ్చు. బ్రేక్ పైపుకు మాత్రం అతుకులు పనికిరావు, మార్చాల్సిందే.

తుప్పుకు వైద్యం

పైపైన ఎర్రబారిన చోట వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకాలి. తర్వాత రస్ట్ కన్వర్టర్ రాసి, ఆరాక జింక్ ప్రైమర్, ఆపైన కోటింగ్ వేయాలి. ఈ వరసలో మొదటి మూడూ వదిలేసి నేరుగా నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టించుకునేవాళ్లే ఎక్కువ. ఉన్న తుప్పు మీద కోటింగ్ వేస్తే అది తేమను లోపలే బంధిస్తుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల రేకు రెండేళ్లలో కరిగిపోతుంది. మూడు నుంచి ఐదు వేలు తీసుకుని ‘యాంటీ రస్ట్’ చేసేవాళ్లను ముందు అడగాల్సింది ఒక్కటే: గీకుతారా, గీకరా?

రన్నింగ్ బోర్డుల్లోకి, డోర్ల లోపలికి బ్రష్ పోదు. అక్కడ సన్నటి గొట్టంతో స్ప్రే చేసే క్యావిటీ వ్యాక్స్ పనిచేస్తుంది. వ్యాక్స్ కొట్టే ముందు డోర్ల అడుగున ఉండే చిన్న చిల్లులను అగ్గిపుల్లతో పొడిచి తెరవండి. అద్దం పక్కనుంచి లోపలికి దిగిన వాననీరు బయటకు పోవడానికి పెట్టిన దారులవి. మట్టితో పూడితే డోర్ అడుగు లోపలినుంచి కుళ్లుతుంది.

వాడేసిన ఇంజన్ ఆయిల్‌నో, డీజిల్‌నో కింద స్ప్రే చేయించే పాత అలవాటు మానుకోండి. తుప్పు కొంత తగ్గినా రబ్బరు బుష్‌లు ఉబ్బి చీలిపోతాయి. బీచ్ రోడ్డులో ఎక్కువ తిరిగిన వారం చివర మంచినీళ్లతో కింద, వీల్ ఆర్చిల లోపల కడిగిస్తే చాలు. కొన్ని తీర ప్రాంత కాలనీల్లో బోరునీరే ఉప్పగా ఉంటుంది. దాంతో కడిగితే ఉన్న ఉప్పుకు ఇంకాస్త కలిపినట్టే. తడి బండి మీద ప్లాస్టిక్ కవర్ కప్పడం కూడా అంతే తప్పు. గాలి ఆడే గుడ్డ కవర్ వాడండి, లేదా అసలు కప్పకండి.

రెండో పని: అన్నీ ఒకేసారి సున్నాకు తేవడం

పాత యజమాని ‘మొన్ననే సర్వీస్ చేయించాను’ అంటాడు. బిల్లు చూపిస్తే నమ్మండి, లేకపోతే ఏదీ మార్చలేదనే అనుకోండి. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ క్యాబిన్ ఫిల్టర్, ప్లగ్గులు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ అన్నీ ఒకే విడతలో మార్చి, కిలోమీటర్ రీడింగ్ ఒక నోటుబుక్కులో రాసుకోండి. అక్కడి నుంచి లెక్క మీ చేతిలో ఉంటుంది.

చిన్న పెట్రోల్ ఇంజన్‌కు ఆయిల్ మూడు నుంచి మూడున్నర లీటర్లు పడుతుంది. కచ్చితమైన కొలత, గ్రేడు ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటాయి. పదేళ్ల కిందటి మోడళ్లలో ఎక్కువ వాటికి 5డబ్ల్యూ-30 సరిపోతుంది. ‘పాత ఇంజన్ కదా, చిక్కటిది పోద్దాం’ అని 20డబ్ల్యూ-50 పోసే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. ఆయిల్ తాగేస్తున్న ఇంజన్‌కు ఆ కిటుకు కొన్నాళ్లు పనిచేయవచ్చు. బాగున్న ఇంజన్‌కు మాత్రం ఉదయాన్నే స్టార్ట్ చేయగానే పైభాగానికి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ కొద్ది క్షణాల్లోనే.

కంపెనీలు సాధారణంగా పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది గడువు ఇస్తాయి. ఎంవీపీ కాలనీ నుంచి జగదాంబ దాకా, రోజూ నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండి పూర్తిగా వేడెక్కేలోపే ఆగిపోతుంది. పెట్రోల్, తేమ ఆయిల్‌లో కలుస్తాయి. అలాంటి వాడకానికి ఏడువేల కిలోమీటర్లకో, ఏడాదికో ఏది ముందైతే అప్పుడు మార్చడం మేలు. పోర్టు దుమ్ము, గాజువాక లారీల దుమ్ము తినే బండికి ఎయిర్ ఫిల్టర్ కూడా గడువుకు ముందే మార్చాలి.

ఈ మొదటి విడత మొత్తానికి ఏడెనిమిది వేలవుతుంది. తర్వాతి మామూలు సర్వీసులకు మూడు నుంచి నాలుగు వేలు.

మూడో పని: కూలింగ్

పాత కార్లకు వచ్చే అతి పెద్ద బిల్లు సాధారణంగా హెడ్ గ్యాస్కెట్‌ది. ఇంజన్ బ్లాకుకూ, పైనుండే హెడ్‌కూ మధ్య బిగించే సీలు ఇది. హెడ్ విప్పి, లేత్ మీద సాపు చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించేసరికి పన్నెండు నుంచి ఇరవై వేలు. ఆ జబ్బుకు కారణం ఎక్కువ సందర్భాల్లో ఒక మూత, ఒక పైపు, లేదా కొళాయి నీళ్లు.

రేడియేటర్ మూత అంటే ఉత్త మూత కాదు. దానిమీద 0.9 అనో, 1.1 అనో అచ్చు వేసి ఉంటుంది. ఒత్తిడి కొలత అది, బార్‌లలో. ఆ మేరకు ఒత్తిడిని మూత లోపల నిలబెడుతుంది. 0.9 ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలకు కాదు, దాదాపు 118 డిగ్రీలకు మరుగుతుంది. మూత రబ్బరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, సింహాచలం కొండ ఎక్కేటప్పుడు కూలెంట్ మరిగి బయటకు తన్నేస్తుంది. కొత్త మూత రెండు మూడు వందలు. కొన్న వెంటనే మార్చేయండి.

హోస్ పైపులను చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి. బిరుసుగా పగుళ్లు కనిపించినా, చేతికి మెత్తగా బంకలా తగిలినా మార్చాలి. క్లిప్పులు తుప్పు పట్టి ఉంటే వాటినీ మార్చాలి.

కూలెంట్ రంగు ఆకుపచ్చగానో, ఎర్రగానో, నీలంగానో ఉండటం ముఖ్యం కాదు. ఇటుక పొడి కలిపినట్టు ఉందంటే మాత్రం ఎవరో ఉత్త నీళ్లు పోసి నడిపారన్నమాట. బోరునీటిలోని ఉప్పులు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో గార కడతాయి, అల్యూమినియం హెడ్‌ను తింటాయి. పాతది పూర్తిగా వదిలేసి, శుభ్రమైన నీటితో ఫ్లష్ చేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలి. రెడీమిక్స్ డబ్బా అయితే మళ్లీ నీళ్లు కలపకూడదు. మంచు కురవని ఊరికి ఇదంతా ఎందుకని అనుకోవద్దు. ఇక్కడ కూలెంట్ చేసే అసలు పని తుప్పును ఆపడం, మరిగే స్థాయిని పెంచడం. చాలా బండ్లకు రెండేళ్లకు ఒకసారి మార్చాలి. పోసిన తర్వాత లోపల చిక్కుకున్న గాలిని తీయడం మరిచిపోతే కొత్త కూలెంట్‌తోనే బండి వేడెక్కుతుంది.

ఇక థర్మోస్టాట్. 82–88 డిగ్రీల దగ్గర తెరుచుకునే వాల్వు ఇది. మూసుకుపోయి ఇంజన్ వేడెక్కితే కొందరు దీన్ని పీకేసి ‘మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్’ అంటారు. ఆ రోజుకు సమస్య తీరినట్టే ఉంటుంది. ఆ తర్వాత ఇంజన్ ఎప్పుడూ చల్లగానే తిరుగుతుంది. బండిలోని కంప్యూటర్ ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ రెండు మూడు కిలోమీటర్లు పడిపోయిందని ప్లగ్గులు మారుస్తారు, ఇంజెక్టర్లు కడుగుతారు, డబ్బు పోతుంది. హైవే మీద పది కిలోమీటర్లు వెళ్లినా టెంపరేచర్ ముల్లు మధ్యకు రాకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఫ్యాన్‌ను రిలే, సెన్సర్ తప్పించి నేరుగా వైరు కలిపేసిన బండ్లూ ఉంటాయి. తాళం తిప్పగానే ఫ్యాన్ తిరుగుతుంటే విప్పించి సరిచేయించండి.

ముల్లు ఎర్రగీత వైపు వెళితే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజన్ ఆపేయాలి. ‘ఇంకో కిలోమీటరే కదా’ అన్నప్పుడే హెడ్ వంగుతుంది. వేడిమీద మూత తీయకూడదు, చన్నీళ్లు పోయకూడదు. కనీసం అరగంట ఆగాలి.

బ్రేకులు: కొండ దిగేటప్పుడు తెలిసేది

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అన్నవి ఈ ఆయిల్ గ్రేడులు. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరిన తర్వాత ఆ కనీస హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. అనంతగిరి ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగుతుంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) దగ్గర వేడికి ఆ ద్రవం మరిగి బుడగలు కడుతుంది. పెడల్ నేలకు ఆనుతుంది, బండి ఆగదు. రెండేళ్లకు ఒకసారి మార్చడానికి లేబర్‌తో కలిపి ఐదు నుంచి ఎనిమిది వందలు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అదే వాడాలి. సింహాచలం కొండ అయినా, కైలాసగిరి అయినా, అరకు దారి అయినా రెండో గేరులో దిగండి, ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇప్పటికీ సరైనదే.

ఉప్పుగాలి వల్ల కాలిపర్ జారే పిన్నులు పట్టేస్తాయి. అప్పుడు లోపలి ప్యాడ్ అరిగిపోయి, బయటిది కొత్తగా ఉంటుంది. బండి ఒక పక్కకు లాగుతుంది, ఒక చక్రం మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ పిన్నులు బయటకు తీసి, తుడిచి, సిలికాన్ గ్రీజు పెట్టమని అడగండి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి, జత వెయ్యి నుంచి రెండు వేలు. ఉదయాన్నే డిస్కుల మీద కనిపించే ఎర్రటి పొర రెండు బ్రేకులతో పోతుంది, దానికి కంగారు వద్దు.

వారం రోజులు ఊరెళ్తూ బండిని హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలితే వెనక షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. చదునైన చోట గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టి వెళ్లండి.

టైమింగ్‌కు బెల్టు ఉందా, చైన్ ఉందా?

ఇంజన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా కలిపి ఉంచేది ఇదే. ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా పాత కారు నడపకూడదు. మారుతి కె-సిరీస్ పెట్రోల్, 1.3 డీడీఐఎస్ డీజిల్ ఇంజన్లకు చైన్ ఉంటుంది. శాంట్రో జింగ్, 1.1 ఐ10, డస్టర్ 1.5 డీజిల్, పాత ఇన్నోవా 2.5 డీజిల్ వంటివాటికి బెల్టు. చైన్‌కు గడువంటూ లేదు గానీ, స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు గలగలమంటే దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ చూపించాలి. బెల్టు చెప్పి తెగదు. చాలా ఇంజన్లలో తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, ఇంజన్ విప్పాల్సిందే. మార్చిన రుజువు లేకపోతే కిలోమీటర్లతో పని లేకుండా మార్చేయండి. బెల్టుతోపాటు టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు, చాలా ఇంజన్లలో వాటర్ పంపు కూడా అక్కడే ఉంటుంది. అన్నీ కలిపి వేయిస్తే ఒకే లేబర్. కిట్ నాలుగు నుంచి ఎనిమిది వేలు.

ఏసీ: గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

ప్రతి వేసవికీ గ్యాస్ నింపించుకోవడం మామూలే అనుకుంటారు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. విశాఖలో అది ఎక్కువగా కండెన్సర్‌లో ఉంటుంది. బంపర్ వెనక, అన్నిటికంటే ముందు ఉప్పుగాలి తగిలేది దానికే. రెక్కలు చేతితో తాకితే పొడిలా రాలుతున్నాయంటే దాని పని అయిపోయింది. కొత్తది మూడున్నర నుంచి ఆరు వేలు.

సరైన పద్ధతి ఇది: ముందు నైట్రోజన్ ఒత్తిడితో లీకు పట్టుకోవాలి. అది సరిచేసి, వ్యాక్యూమ్ పంపుతో కనీసం ఇరవై ముప్పై నిమిషాలు లోపలి గాలి, తేమ లాగేయాలి. ఆ తర్వాత బోనెట్ కింద స్టిక్కరు మీద రాసి ఉన్నన్ని గ్రాముల గ్యాస్, తూకం వేసి నింపాలి. పాత చిన్న కార్లలో ఉండే ఆర్134ఏ గ్యాస్ నాలుగైదు వందల గ్రాములకు మించి పట్టదు. తూకం లేకుండా ‘చల్లగా వస్తోందిగా’ అని ఆపేసే చోట చేయించవద్దు. ఎక్కువైనా కంప్రెసర్‌కు చేటే. ముందు సీటు కింద మ్యాట్ తడుస్తుంటే భయపడక్కర్లేదు, ఏసీ నీరు పోయే గొట్టం పూడి ఉంటుంది. గాలి కొడితే పోతుంది.

కరెంటు పనులు

సెల్ఫ్ తిరగట్లేదని బ్యాటరీ మార్చి, అయినా తిరగక సెల్ఫ్ మోటార్ మార్చి, చివరికి ఎర్త్ వైరు తుప్పు అని తేలడం ఈ ఊళ్లో తరచూ జరిగేదే. మల్టీమీటర్ ఐదు వందలకు దొరుకుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 కంటే తక్కువైతే చార్జి సగం కూడా లేనట్టు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి సెల్ఫ్ మాత్రం మూలుగుతుంటే బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కు వెళ్లే వైర్ల చివరలు విప్పి, ఎమెరీ కాగితంతో రుద్ది బిగించండి. టెర్మినల్స్ మీద తెల్లటి బూజును వేడినీళ్లతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ పూయండి. ఇక్కడి వేడికి బ్యాటరీ మూడు నాలుగేళ్లు వస్తే సంతోషించాలి.

క్లచ్, సస్పెన్షన్, టైర్లు

ఎత్తుపల్లాల ఊరు కాబట్టి ఇక్కడ క్లచ్ తొందరగా పోతుంది. సిగ్నల్ దగ్గర ఏటవాలు మీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడమే కారణం, హ్యాండ్‌బ్రేక్ వాడండి. నాలుగో గేరులో తొక్కితే వేగం పెరగకుండా ఇంజన్ శబ్దం మాత్రమే పెరిగితే ప్లేటు అరిగినట్టు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చాలి. లేబర్‌తో ఏడు నుంచి పదివేలు. బేరింగ్ ఒక్కటి మిగిల్చి వెయ్యి ఆదా చేస్తే, అది పోయినప్పుడు మళ్లీ గేరుబాక్సు దింపాలి.

స్పీడ్ బ్రేకర్ మీద టకటకమంటే ముందు లింక్ రాడ్లు చూపించండి, అన్నిటికంటే చవక. తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు. షాకబ్జర్లు చివరికి. ఈ వరస తలకిందులుగా చెప్పే షెడ్డులో బిల్లూ తలకిందులవుతుంది.

టైరు పక్కన డాట్ అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గీతలు ఎంత లోతున్నా తడి రోడ్డు మీద నమ్మకూడదు. స్టెప్నీకి కూడా ఇదే లెక్క.

వానాకాలం ముందు

వైపర్ల కింద జాలీలో ఆకులు తీసేయండి. అక్కడి రంధ్రాలు పూడితే నీరు డాష్‌బోర్డు వెనక ఫ్యూజుల మీదికి దిగుతుంది. రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే ఆ ఒక్క సెల్ఫ్‌కే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోయించి బయటకు తీసి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడండి. తడిస్తే ప్లగ్గులు విప్పించకుండా స్టార్ట్ చేయకూడదు. గేర్‌బాక్స్ దాకా నీరు వచ్చి ఉంటే గేర్ ఆయిల్ కూడా పాలలా మారిందేమో చూపించాలి.

ఎక్కడ చేయించాలి, బిల్లు ఎలా చదవాలి

అన్నీ ఒకే చోట చేయించక్కర్లేదు. స్కానర్‌తో పని ఉన్నవి, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) లాంటివి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో. ఇంజన్ విప్పడం, లేత్ పని, గేర్‌బాక్స్, టింకరింగ్ వంటివాటికి గాజువాక ఆటోనగర్. ఆయిల్, ప్యాడ్లు, బుష్‌లు మీ ఇంటి దగ్గరి నమ్మకమైన షెడ్డులో. ఇంటి దగ్గరి మెకానిక్ మీ బండి శబ్దం గుర్తుపట్టగలడు, అది ఏ స్కానర్‌కూ రాదు.

పార్టులు మూడు రకాలు. కార్ల కంపెనీ పెట్టెలో వచ్చేవి, అదే పార్టును కంపెనీకి సరఫరా చేసే తయారీదారు సొంత పెట్టెలో అమ్మేవి, లోకల్‌వి. రెండో రకం చాలాసార్లు మొదటిదానితో సమానం, ధర తక్కువ. బ్రేకులు, టైమింగ్ కిట్, స్టీరింగ్ భాగాలు, ఆయిల్ ఫిల్టర్‌లో లోకల్ వద్దు. డోర్ హ్యాండిల్, లైటు అద్దం లాంటివాటికి లోకలైనా నష్టం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నింటి మీద జీఎస్టీ 18 శాతమే. బిల్లులో 28 కనిపిస్తే అడగండి.

పని మొదలుపెట్టే ముందే అంచనా కాగితం మీద రాయించుకోండి. విప్పాక కొత్త పని బయటపడితే ఫోన్ చేసి చెప్పాకే చేయమనండి. పాత పార్టులు డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి. ఈ ఒక్క మాటతో వేయని పార్టుకు బిల్లు వేసే అలవాటు చాలావరకు ఆగుతుంది. ‘ఇంజన్ ఫ్లష్’, ‘ఇంజన్ కోటింగ్’, ‘త్రాటిల్ ట్రీట్‌మెంట్’ అంటూ బిల్లు చివర చేరే వరసలను కొట్టేయించవచ్చు.

ఏడాది లెక్క

ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే 1.2 లీటర్ల పెట్రోల్ కారు తీసుకుందాం. మామూలు సర్వీసు 4,000. టైర్లు నాలుగూ ఇరవై వేలు, ఐదేళ్లకు పంచితే 4,000. బ్యాటరీ వాటా 1,500. క్లచ్ వాటా 1,200. బ్రేకులకు 1,200. కూలెంట్, బ్రేక్ ఆయిల్ వాటా 1,200. సస్పెన్షన్ 3,000. ఏసీ 2,000. తుప్పు పని 2,500. మొత్తం 20,600. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ మధ్య కార్లకు 3,416, జీఎస్టీతో కలిపి దాదాపు 4,030. అంతా కలిస్తే దాదాపు పాతికవేలు. అనుకోని రిపేరుకు ఇంకో పదివేలు పక్కన పెట్టండి. అంటే నెలకు మూడువేలు. ఇది పెట్రోల్ కాకుండా. లీటరు 108 అనుకుని పదిహేను మైలేజీ వేస్తే ఏడాది పెట్రోల్ 72,000. మెయింటెనెన్స్ కన్నా పెట్రోలే రెట్టింపు. కాబట్టి పట్టేసిన కాలిపర్, పీకేసిన థర్మోస్టాట్, గాలి తక్కువున్న టైరు దొంగిలించేది ఆ పెద్ద మొత్తంలోంచే.

2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో ఎక్కువవాటి రబ్బరు పైపులు 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌ను ఉద్దేశించి చేసినవి కావు. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ ఫ్యూయల్ హోస్‌లు చూపించండి, నెలల తరబడి నిండు ట్యాంకుతో కదలకుండా ఉంచవద్దు.

పదిహేనేళ్ల గీత

ఆర్సీ గడువు పదిహేనేళ్లు. ముగిసే ముందు 60 రోజుల్లోపు ఫారం 25తో రెన్యువల్‌కు దరఖాస్తు చేయాలి. తనిఖీలో బండి పాసైతే ఐదేళ్లు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఈ ఫీజు 5,000, ఆలస్యమైతే నెలకు 500 అదనం. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. పొల్యూషన్ సర్టిఫికెట్ బీఎస్4, ఆపై బండ్లకు ఏడాది, అంతకుముందు వాటికి ఆరు నెలలు. పద్నాలుగో ఏట బండి కొంటుంటే ఈ ఖర్చు, దానికి ముందు చేయించాల్సిన టింకరింగ్, లైట్ల పని బేరంలోనే తగ్గించుకోండి.

ఇక ఎప్పుడు ఆపాలి? ఇంజన్ వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతున్నా, తగ్గినంత పోసుకుంటూ ఉంటే నడపవచ్చు. గేర్‌బాక్స్ పోతే ఆటోనగర్‌లో పాతది వేయించవచ్చు. షాకబ్జర్ మౌంటు చుట్టూ రేకు చిల్లుపడినా, రన్నింగ్ బోర్డు వేలితో నొక్కితే లోపలికి పోతున్నా ఇక టైర్లు, బ్యాటరీ కొత్తవి కొనకండి. ఆ బండిని వెల్డింగ్ చేయించి ఇంకొకరికి అంటగట్టకుండా, గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, ఆర్సీ రద్దయిందో లేదో రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూసుకోండి.